రా వీడియో మీకు అవసరమా? ఆన్ చేసే ముందు వేసుకోవాల్సిన లెక్క, చేసి చూడాల్సిన పరీక్ష

పేరు వినడానికి "రా" అని పిలిచినట్టే ఉంటుంది. పిలవడం తేలికే, వచ్చాక మేపడమే కష్టం. రా (RAW) వీడియో అంటే సెన్సర్ పట్టినదాన్ని కెమెరా సర్దుబాట్లు వేయకుండా దాదాపు అలాగే దాచే ఫైలు. ఒకప్పుడు అది సినిమా కెమెరాల సంగతి. ఇప్పుడు నికాన్ జెడ్8, కానన్ ఆర్5, ప్యానసోనిక్ జీహెచ్7 లాంటివి రాను లోపలి కార్డులోకే రికార్డు చేస్తున్నాయి. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరాలు పుట్టిందే అందుకు. సోనీ ఏ7ఎస్ త్రీ అయితే హెచ్‌డీఎంఐ వైరు గుండా బయటి రికార్డర్‌కు పంపుతుంది. 2025లో వచ్చిన ఐఫోన్ 17 ప్రోలో కూడా ప్రోరెస్ రా అనే ఆపిల్ రా ఫార్మాట్ చేరింది. మెనూలో కనిపిస్తోంది కాబట్టి, "అత్యుత్తమ క్వాలిటీ" అంటే అదేనని అందరూ అంటున్నారు కాబట్టి, ఆన్ చేసేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పెళ్లిళ్లు, ఇంటర్వ్యూలు, యూట్యూబ్ వీడియోలు, డ్యాన్స్ ప్రోగ్రాములు తీసేవాళ్లకు 10 బిట్ లాగ్ చాలు. లాగ్ అంటే వెలుగు, నీడ రెండింటి వివరం పట్టేలా కాంతిని వంపు గీత మీద సర్ది కెమెరాయే తయారుచేసే వీడియో ఫైలు. రా పనికొచ్చే చోట్లు ఉన్నాయి, కానీ అవి తక్కువ, స్పష్టమైనవి కూడా. మీ పని ఆ కోవలోకి వస్తుందో రాదో తేల్చుకోవడానికి మా మాటే నమ్మనక్కర్లేదు. కింద చెప్పిన పరీక్ష ఒక పూటలో అయిపోతుంది.

రాలో అసలు ఏముంటుంది

సెన్సర్ మీద ఉన్న ఒక్కో చుక్క ఒక్క రంగునే చూస్తుంది: ఎరుపో, ఆకుపచ్చో, నీలమో. నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగతా రెండు రంగుల్ని పక్క చుక్కలను బట్టి అంచనా కట్టి నింపాలి. దీన్నే డీబేయర్ అంటారు. మామూలు వీడియోలో ఈ పని కెమెరాయే చేసేస్తుంది. పనిలో పనిగా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సర్దడం) వేసి, గ్రెయిన్స్ (బొమ్మలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) తుడిచి, అంచులు పదును పెట్టి, నొక్కి (కంప్రెస్ చేసి) సర్ది ఫైలుగా ఇస్తుంది. రాలో ఇవేవీ జరగవు, లేదా బాగా తక్కువ జరుగుతాయి. వండిన అన్నం బదులు బియ్యం ఇచ్చినట్టు. వండుకునే పని, పొయ్యి ఖర్చు మీవి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "12 బిట్ రా కదా, 10 బిట్ లాగ్ కన్నా నాలుగింతలు మెరుగు" అంటారు. 12 బిట్‌లో 4096 మెట్లు, 10 బిట్‌లో 1024 మెట్లు ఉంటాయన్న మాట నిజమే. కానీ సెన్సర్ కాంతిని వరుస లెక్కలో, అంటే లీనియర్‌గా కొలుస్తుంది. కాంతి ఒక స్టాప్ తగ్గితే, అంటే సగానికి పడితే, మెట్లూ సగమవుతాయి. అలా రాసిన 12 బిట్ ఫైల్లో అన్నిటికన్నా పై స్టాప్‌కు 2048 మెట్లు దక్కుతాయి. దాని కింద 1024, ఆ కింద 512, తర్వాత 256, 128, 64, 32, 16, 8. పదో స్టాప్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేవి 4 మెట్లే. పట్టుచీర మీద జరీ మెరుపుకు 2048 మెట్లు, వెనక చీకట్లో నిలబడ్డ మేనమామ ముఖానికి 8 మెట్లన్నమాట. లాగ్ చేసే పని ఈ మెట్లను స్టాపులన్నిటికీ ఇంచుమించు సమంగా పంచడం. అందుకే 10 బిట్ లాగ్ షాడోస్‌లో పేరుకు తగ్గట్టు తేలిపోదు. బ్లాక్‌మ్యాజిక్ రా కూడా తన 12 బిట్లను లీనియర్‌గా కాక వంపు పెట్టే రాసుకుంటుంది. బిట్ల సంఖ్య చూసి క్వాలిటీ తేల్చలేం.

మరి రాలో దక్కే లాభం ఎక్కడ? ఒకటి, వైట్ బ్యాలెన్స్ ఫైల్లో ముద్ర పడి ఉండదు. రెండు, కెమెరా చేసే గ్రెయిన్స్ తుడుపు, పదును ఉండవు. లాగ్‌లో చర్మం మైనం బొమ్మలా మెత్తబడటానికి సగం కారణం ఆ తుడుపే. మూడు, కంప్రెషన్ ఒక్కో ఫ్రేమ్‌ను విడిగా నొక్కుతుంది కాబట్టి కదలికలో గళ్లు గళ్లుగా విరగదు. నాలుగు, రేపు మెరుగైన డీబేయర్ వస్తే పాత ఫైలు నుంచే మెరుగైన బొమ్మ తీయొచ్చు. అంతే.

రా వల్ల బాగుపడనివి కూడా చెప్పుకోవాలి. ఫోకస్ తప్పితే తప్పినట్టే. సెన్సర్ నిండిపోయి తెల్లగా బర్న్ అయిన చోట రాలోనూ ఏమీ ఉండదు. ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ లైట్లు కొట్టుకోవడం వల్ల వచ్చే పట్టీలు, ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ పడ్డప్పుడు ఫ్రేమ్ సగమే తెల్లబడటం, కెమెరా అటూ ఇటూ తిప్పితే స్తంభాలు వంగడం, ఇవేవీ రాకు లొంగవు. ముఖానికి ఒకవైపు పసుపు బల్బు, మరోవైపు నీలం స్టేజ్ లైట్ పడితే ఒక్క వైట్ బ్యాలెన్స్‌తో రెండూ సరికావు. అది లైటింగ్ దగ్గర సర్దుకోవాల్సిన పని.

ఒక చిన్న పక్కమాట. ఇంతకాలం మామూలు కెమెరాల్లో కంప్రెస్ చేసిన రా పెద్దగా లేకపోవడానికి సాంకేతిక కారణంతో పాటు పేటెంట్ కారణం కూడా ఉంది. కెమెరా లోపలే రాను నొక్కి రాసే పద్ధతి మీద సినిమా కెమెరాలు చేసే రెడ్ సంస్థకు పేటెంట్లు ఉన్నాయి. 2022లో నికాన్ మీద రెడ్ దావా వేసింది, 2023లో ఆ దావా ముగిసింది, 2024లో రెడ్‌నే నికాన్ కొనేసింది. పేచీ పెట్టిన ఇంటికే యజమాని అయినట్టు. చాలా కంపెనీలు రాను వైరు గుండా బయటి రికార్డర్‌కు పంపే దారి పట్టడానికి ఈ పేటెంట్ భయం కూడా ఒక కారణమంటారు.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

కెమెరా ముట్టుకునే ముందే ఇది వేసుకోండి. సూత్రం ఇంతే: వెడల్పు పిక్సెళ్లు × ఎత్తు పిక్సెళ్లు × బిట్లు × సెకనుకు ఫ్రేములు. దాన్ని 8తో భాగిస్తే బైట్లు వస్తాయి. రా కాబట్టి పిక్సెల్‌కు ఒకే అంకె, మూడు కాదు.

4096 × 2160, 12 బిట్లు, 25 ఫ్రేములు వేస్తే సెకనుకు దాదాపు 332 మెగాబైట్లు. గంటకు 1.19 టెరాబైట్లు. ఇది ఏమీ నొక్కకుండా. కంప్రెషన్ నిష్పత్తితో దీన్ని భాగించండి.

ఇక పోల్చి చూస్తే, 512 జీబీ కార్డు మీద:

4కే 10 బిట్ లాగ్, 140 మెగాబిట్ల బిట్‌రేట్: సెకనుకు 17.5 మెగాబైట్లు. గంటకు 63 జీబీ. కార్డు 8 గంటలు వస్తుంది.
4కే రా, 8:1 కంప్రెషన్: సెకనుకు 41.5 మెగాబైట్లు. గంటకు 149 జీబీ. కార్డు 3 గంటల 25 నిమిషాలు.
4కే రా, 3:1 కంప్రెషన్: సెకనుకు 110 మెగాబైట్లు. గంటకు 398 జీబీ. కార్డు గంటా పావు.
కానన్ ఆర్5 మొదట ఇచ్చిన 8కే రా, 2600 మెగాబిట్లు: సెకనుకు 325 మెగాబైట్లు. గంటకు 1.17 టెరాబైట్లు. కార్డు 26 నిమిషాలు.

మెగాబిట్లకీ మెగాబైట్లకీ తేడా మర్చిపోకండి. కెమెరా స్పెసిఫికేషన్లో మెగాబిట్లు రాస్తారు, కార్డు మీద మెగాబైట్లు రాస్తారు. 8తో భాగించాలి. ఈ ఒక్క పొరపాటుతో సరిపోని కార్డులు కొన్నవాళ్లు చాలామంది.

ఇప్పుడు ఒక పెళ్లి తీసుకోండి. ఒక కెమెరాలో నిజంగా రికార్డయ్యేది 4 గంటలు అనుకుందాం. లాగ్‌లో 252 జీబీ, 8:1 రాలో 600 జీబీ. మూడు కాపీలు పెట్టుకుంటారు కాబట్టి ఒకచోట ముప్పావు టెరాబైట్, ఇంకోచోట 1.8 టెరాబైట్లు. అది ఒక్క కెమెరాకు. ఆర్5 8కే రాలో అయితే ఒక్క కాపీకే 4.7 టెరాబైట్లు. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 120 మెగాబైట్ల దగ్గర రాస్తుంది. అంటే 600 జీబీ డంప్ చేయడానికి గంటా ఇరవై నిమిషాలు, 4.7 టెరాబైట్లకు పదకొండు గంటలు. వరుసగా రెండు ముహూర్తాలున్న రోజున రెండో పెళ్లికి ఖాళీ కార్డులు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించుకోండి.

రెండో అడుగు: మీ కెమెరాతోనే పోటీ

ఇంటర్నెట్లో ఎవరో చేసిన పోలిక మీకు పనికిరాదు. కెమెరాను బట్టి, సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఫలితం మారుతుంది. ఇలా చేయండి.

పగలు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. గదిలో ఎల్ఈడీ లైట్లన్నీ ఆపేయండి, లేకపోతే షట్టర్ మార్చినప్పుడు పట్టీలు వస్తాయి. ఒళ్లో జరీ అంచున్న ఎర్ర పట్టుచీర మడత, పక్కన తెల్ల పంచె, ఒక నల్ల కోటు పెట్టండి. ఫ్రేమ్ మూలన వెలిగించిన దీపం, వెనకగా కిటికీ కొంచెం కనిపించాలి. ఎర్ర పట్టుచీర ఊరికే చెప్పడం లేదు. మన వీడియోల్లో అందరికన్నా ముందు చెడేది అదే. మొత్తం బొమ్మ వెలుతురు మామూలుగానే ఉందని హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూపిస్తూ ఉంటుంది, ఈలోగా ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి చీర మడతలన్నీ ఒకే ముద్దగా మారతాయి.

కెమెరా స్టాండు మీద, 25 ఫ్రేములు, అపర్చర్ కదపొద్దు. ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ స్పందించే స్థాయి) మీ లాగ్ ప్రొఫైల్ బేస్ ఐఎస్ఓ, అంటే దానికి సహజమైన స్థాయి దగ్గర పెట్టి రెండు మోడ్‌లకూ అదే ఉంచండి. షట్టర్ 1/200 దగ్గర ఎక్స్‌పోజర్ సరిపోయేలా అపర్చర్‌తోనో ఎన్‌డీ ఫిల్టర్‌తోనో (లెన్స్ ముందు పెట్టే, కాంతి తగ్గించే గాజు) సర్దండి. తర్వాత షట్టర్ ఒక్కటే మారుస్తూ పది సెకన్ల క్లిప్పులు ఏడు తీయండి: 1/25, 1/50, 1/100, 1/200, 1/400, 1/800, 1/1600. అంటే మూడు స్టాపులు ఎక్కువ నుంచి మూడు స్టాపులు తక్కువ దాకా. ఎనిమిదో క్లిప్పు 1/200లోనే, వైట్ బ్యాలెన్స్ మాత్రం కావాలని తప్పుగా 3200 కెల్విన్ పెట్టి తీయండి. ఈ ఎనిమిదీ లాగ్‌లో ఒకసారి, రాలో ఒకసారి.

ఇప్పుడు డావిన్చీ రిసాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేయండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో కలర్ మేనేజ్డ్ పెట్టి, లాగ్ క్లిప్పులకు ఇన్‌పుట్ కలర్ స్పేస్ మీ కెమెరాదే ఎంచుకోండి. అసలు మోసం జరిగేది ఇక్కడే. రా క్లిప్పుకు కెమెరా రా ట్యాబ్‌లో ఎక్స్‌పోజర్ స్లైడర్ చక్కగా దొరుకుతుంది. లాగ్ క్లిప్పును మాత్రం లిఫ్ట్, గామా చక్రాలతో లాగి, రంగు విరిగిపోగానే "చూశారా, లాగ్ ఇంతే" అంటారు. న్యాయంగా పోల్చాలంటే లాగ్ క్లిప్పు మీద ఒక నోడ్ (రంగు మార్పుల్ని విడిగా ఉంచే పెట్టె) వేసి, దాని మీద రైట్ క్లిక్ చేసి, గామాను లీనియర్‌గా మార్చండి. ఆ నోడ్‌లో గెయిన్ 2.00 పెడితే సరిగ్గా ఒక స్టాప్ పెరుగుతుంది, 4.00 అయితే రెండు, 8.00 అయితే మూడు. 0.50 అయితే ఒక స్టాప్ తగ్గుతుంది, 0.25 అయితే రెండు, 0.125 అయితే మూడు. తప్పుడు వైట్ బ్యాలెన్స్‌ను కూడా ఇదే నోడ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్లు విడివిడిగా కదిపి సరిచేయండి.

అన్నిటినీ ఒకే వెలుతురుకు తెచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి. సాధారణంగా కనిపించేది ఇది. రెండు స్టాపులు ఎక్కువైన చోట రెండూ ఇంచుమించు ఒకటే. సెన్సర్‌లో ఇంకా నిండని భాగం లాగ్‌లోనూ ఉంటుంది. రా ట్యాబ్‌లో హైలైట్ రికవరీ టిక్ పెడితే కిటికీ అంచులో కాస్త వివరం తిరిగొచ్చినట్టు ఉంటుంది. అది నిండిపోయిన ఛానల్‌ను నిండని ఛానల్ చూసి ఊహించడమే, కొన్నిసార్లు అక్కడ గులాబీ రంగు మచ్చ పడుతుంది. మూడు స్టాపులు తక్కువైన చోట తేడా బాగా తెలుస్తుంది. రాలో గ్రెయిన్స్ ఎక్కువ, కానీ నల్ల కోటు నేత కనిపిస్తుంది. లాగ్‌లో గ్రెయిన్స్ తక్కువ, కోటు మాత్రం బురదలా కలిసిపోతుంది. 3200 క్లిప్పులో 10 బిట్ లాగ్ దాదాపు పూర్తిగా కోలుకుంటుంది. మీది 8 బిట్ లాగ్ అయితే ముఖం మీద మచ్చలు మచ్చలుగా విరుగుతుంది. అలాంటి కెమెరాలో రా ఉంటే రా వాడటమే మంచిది.

తీర్పు ఇలా చెప్పుకోండి. తేడా 200 శాతం జూమ్ చేస్తే తప్ప కనిపించకపోతే రా మీకొద్దు. అవే క్లిప్పుల్ని యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా ఎక్కించి ఫోన్లో చూడండి. అక్కడ మాయమైతే, మీ క్లయింట్ చూసేదీ అక్కడే కాబట్టి, రా అస్సలొద్దు.

ఎరుపు ముద్ద సంగతి: మామూలు పిక్చర్ ప్రొఫైల్‌లో చీర ముద్దయిపోయి, రాలో బాగుంటే వెంటనే రాకు మారకండి. లాగ్‌లో కూడా చూడండి. చాలాసార్లు లాగ్‌లోనే మడతలు దొరుకుతాయి, ఎందుకంటే అక్కడ పోయింది సెన్సర్ వల్ల కాదు, చిన్న కలర్ స్పేస్‌లో ఆ ఎరుపు పట్టక.

రా నిజంగా గిట్టుబాటయ్యే చోట్లు

గ్రీన్ మ్యాట్, సీజీ పని ఉన్న షాట్లు. అంచులు పదును పెట్టకుండా, గ్రెయిన్స్ తుడవకుండా ఉంటే కీయింగ్ (వెనక ఆకుపచ్చను తీసేయడం) శుభ్రంగా వస్తుంది. నగల ప్రకటనలు, పట్టుచీరల క్యాటలాగ్ వీడియోలు. ఇక్కడ రంగు వస్తువుతో అచ్చంగా కలవాలి, షాట్లు తక్కువ, చిన్నవి. థియేటర్‌కు, ఫిల్మ్ ఫెస్టివల్‌కు వెళ్లే లఘుచిత్రం, కలరిస్ట్ విడిగా ఉన్నప్పుడు. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే వీడియో) డెలివరీ అడిగిన పని. సూర్యాస్తమయం వేళ ప్రీవెడ్డింగ్ షూట్. పది నిమిషాల్లో వెలుతురు రెండు స్టాపులు పడిపోతూ, రంగు నారింజ నుంచి నీలానికి మారిపోతున్నప్పుడు వైట్ బ్యాలెన్స్ బెంగ లేకుండా తీసుకుపోవచ్చు.

కూచిపూడి రంగప్రవేశం, పెళ్లి తంతు, ఉపన్యాసం, పాడ్‌కాస్ట్ లాంటి ఎడతెగని రికార్డింగులకు వద్దు. అన్నిటికన్నా తెలివైన వాడకం కలిపి వాడటమే. ప్రీవెడ్డింగ్‌లో ఆ ఇరవై నిమిషాలు రాలో తీసి, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు లాగ్‌లో తీయండి. ఒకే కంపెనీ కెమెరా అయితే రెండూ టైమ్‌లైన్ మీద సులువుగా కలుస్తాయి.

మూడో అడుగు: కార్డు, ఎస్ఎస్‌డీ, వేడి

కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసేది చదివే వేగం. మీకు కావాల్సింది నిలకడగా రాసే కనీస వేగం. ఎస్‌డీ కార్డుల్లో వీ30 అంటే 30 మెగాబైట్లు, వీ60 అంటే 60, వీ90 అంటే 90. సీఎఫ్ ఎక్స్‌ప్రెస్‌లో వీపీజీ400 ముద్ర ఉంటే 400 మెగాబైట్లు గ్యారంటీ. మీ లెక్కలో వచ్చిన అంకెకు కనీసం మూడోవంతు అదనం ఉండేలా తీసుకోండి. సెకనుకు 41.5 మెగాబైట్లకు వీ60 సరిపోతుంది, 110కి వీ90 చాలదు.

బ్లాక్‌మ్యాజిక్ లాంటి కెమెరాల్లో యూఎస్‌బీ ఎస్ఎస్‌డీలోకి నేరుగా రాయొచ్చు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. చవక ఎస్ఎస్‌డీలు మొదటి కొన్ని పదుల జీబీలు వేగవంతమైన క్యాష్‌లోకి రాస్తాయి. అది నిండగానే వేగం కుప్పకూలుతుంది, వంద మెగాబైట్ల దిగువకు జారేవి ఉన్నాయి. అంగట్లో రెండు నిమిషాలు టెస్ట్ చేసినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, మంగళసూత్ర ధారణ దగ్గర ఫ్రేములు పడిపోతాయి. కాబట్టి కొన్న కార్డునైనా, ఎస్ఎస్‌డీనైనా కెమెరాలోనే ఫార్మాట్ చేసి, మీరు వాడబోయే సెట్టింగ్‌లో ఖాళీ నుంచి నిండేదాకా ఒక్క బిగిన రికార్డు చేసి చూడండి. కదిలే చెట్ల ఆకుల మీద కెమెరా పెట్టండి. నాణ్యత స్థిరంగా ఉంచి సైజు మార్చే రకం కంప్రెషన్‌లో వివరం ఎక్కువైతే డేటా రేటు పెరుగుతుంది, తెల్ల గోడ మీద టెస్ట్ చేస్తే అది బయటపడదు. ఫ్రేమ్ డ్రాప్ అయితే రికార్డింగ్ ఆపాలా, హెచ్చరించాలా అని మెనూలో అడిగే కెమెరాల్లో, పరీక్షకు "ఆపు" పెట్టండి, ఫంక్షన్‌లో "హెచ్చరించు" పెట్టండి.

హెచ్‌డీఎంఐ రికార్డర్ దారి పట్టినవాళ్లకు వైరే గండం. కెమెరాకు మైక్రో హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటే కేజ్ (కెమెరా చుట్టూ బిగించే చట్రం) మీద కేబుల్ క్లాంప్ తప్పనిసరి. అది లేకుండా గింబల్ మీద పెడితే సాకెట్ వదులై, రికార్డింగ్ మధ్యలో సిగ్నల్ పోతుంది. రికార్డర్‌కు విడిగా బ్యాటరీలు, విడిగా ఎస్ఎస్‌డీ, అదనపు బరువు, ఇవన్నీ రా ఖర్చులోనే రాసుకోవాలి.

వేడి సంగతి మనకు ఇంకా ముఖ్యం. ఆర్5 వచ్చినప్పుడు 8కే రికార్డింగ్‌కు కానన్ చెప్పిన పరిమితి 23 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. మన పెళ్లి ముహూర్తాలు చాలానే వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పడతాయి. విజయవాడలో ఆ రోజుల్లో నీడలోనే 42 డిగ్రీలు. ఫ్యాన్ లేని కెమెరాలో రా రికార్డు చేస్తుంటే స్క్రీన్‌ను బాడీ నుంచి బయటికి తిప్పి ఉంచండి, షాట్ల మధ్య కెమెరా ఆఫ్ చేయండి, నల్ల బాడీ మీద తెల్ల తడిగుడ్డ కాకుండా పొడి తెల్లగుడ్డ కప్పండి, ఆటో పవర్ ఆఫ్ ఉష్ణోగ్రతను "హై"కి మార్చే మెనూ ఉంటే మార్చండి.

నాలుగో అడుగు: తీసేటప్పుడు

షట్టర్ 1/50, 25 ఫ్రేములు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. 24 ఫ్రేములు కావాలంటే కూడా షట్టర్ 1/50కే ఉంచండి.

ఐఎస్ఓ దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కేలో రెండు బేస్ ఐఎస్ఓలు: 400, 3200. 100 నుంచి 1000 వరకు సెన్సర్ నిజంగా పనిచేసేది 400 దగ్గరే, మిగతాది ఫైల్లో రాసే చీటీ మాత్రమే. 1250 నుంచి రెండో సర్క్యూట్, అంటే 3200 బేస్. "తక్కువ ఐఎస్ఓ అయితే గ్రెయిన్స్ ఉండవు" అని ఎండలో 100 పెడతారు. తెర మీద చీకటిగా కనిపిస్తుంది కాబట్టి అపర్చర్ తెరుస్తారు. సెన్సర్ మీద కాంతి పెరిగి తెల్ల పంచె, ఆకాశం బర్న్ అయిపోతాయి. ఎండలో దీనికి ఉల్టా చేయాలి: 400 కానీ, ఆకాశం ఎక్కువ కనిపిస్తుంటే 800, 1000 కానీ పెట్టి, ఎన్‌డీతో కాంతి తగ్గించండి. హైలైట్స్‌కు జాగా మిగులుతుంది. హాల్లో చీకటైతే 1000 దగ్గర ఆగిపోకుండా 1250కి దాటండి. 1000 కన్నా 1250 శుభ్రంగా ఉంటుంది.

అన్ని కెమెరాల్లో ఐఎస్ఓ చీటీ కాదు. చాలా హైబ్రిడ్ కెమెరాల రాలో ఆ గెయిన్ ముందే వేసేసి ఉంటుంది. ఎడిటింగ్‌లో కనిపించే ఐఎస్ఓ స్లైడర్ వెలుతురు పెంచడం తగ్గించడం మాత్రమే చేస్తుంది, పోయిన హైలైట్ తిరిగి రాదు.

వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకోవచ్చు కదా అని ఆటోలో వదలకండి. ఆటోలో ఒక క్లిప్పు లోపలే రంగు మారుతూ పోయిందంటే తెర మీద ఏది నిజమో తెలీదు, ఎక్స్‌పోజర్ అంచనా తప్పుతుంది. బయట 5600 కెల్విన్ గానీ, లోపల 3200, 4300 గానీ పెట్టి కదపకండి. షూట్ మొదలయ్యే ముందు, కెమెరా పది నిమిషాలు వేడెక్కాక, మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ (సెన్సర్‌లో పాడైన చుక్కల్ని కప్పేసే పని) ఉంటే నడపండి. మామూలు వీడియోలో కెమెరా దాచేసే తెల్ల, ఎర్ర చుక్కలు రాలో బయటపడతాయి.

ఐదో అడుగు: డంప్, ఎడిటింగ్

కాపీ పేస్ట్ కాదు. రిసాల్వ్ మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది, అది కాపీ అయ్యాక ప్రతి ఫైలునూ సరిచూస్తుంది. రెండు కాపీలు సరిచూసుకున్నాకే కార్డు ఫార్మాట్. ఎడిటింగ్ డ్రైవ్‌గా తిరిగే హార్డ్ డిస్క్ పెట్టకండి. మూడు కెమెరాల మల్టీక్యామ్‌లో 41.5 × 3, అంటే సెకనుకు 125 మెగాబైట్లు ఒకేసారి మూడు చోట్ల నుంచి చదవాలి. అది చేతులెత్తేస్తుంది, మీరు కంప్యూటర్‌ను తిట్టుకుంటారు.

కొనే ముందే సాఫ్ట్‌వేర్ చూసుకోండి. బ్లాక్‌మ్యాజిక్ రా రిసాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఆడుతుంది. ప్రోరెస్ రాను ఫైనల్ కట్, ప్రీమియర్ చాలాకాలంగా తీసుకుంటున్నాయి, రిసాల్వ్‌కు మాత్రం 2025లో వచ్చిన 20.2 వెర్షన్ నుంచే. పాత వెర్షన్ మీద కూర్చుని "ఫైలు ఓపెన్ కావట్లేదు" అని కార్డు పాడైందనుకోవడం మామూలే.

ప్లేబ్యాక్ ఆగి ఆగి వస్తుంటే కెమెరా రా సెట్టింగ్స్‌లో డీకోడ్ క్వాలిటీ హాఫ్‌కో క్వార్టర్‌కో దించండి, రెండర్‌కు ముందు ఫుల్‌కు మార్చడం మర్చిపోకండి. లాప్‌టాప్ పాతదైతే 1080 ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలికపాటి నకళ్లు) చేసుకోండి, విండోస్‌లో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ, మ్యాక్‌లో ప్రోరెస్ ప్రాక్సీ.

గ్రేడింగ్‌లో (రంగులు, వెలుతురు సర్దడంలో) క్రమం: ముందు రా ట్యాబ్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్. తర్వాత గ్రెయిన్స్ తుడుపు మొదటి నోడ్‌లో. ఇది స్టూడియో వెర్షన్‌లోనే ఉంటుంది. కాబట్టి ఉచిత వెర్షన్‌తో తక్కువ వెలుతురు రా తీస్తే కెమెరా తుడిచే గ్రెయిన్స్ కూడా మీ నెత్తినే పడతాయి. స్టూడియో వెర్షన్ ఉంటే ఆ తుడుపును టెంపొరల్ (పక్క ఫ్రేములతో పోల్చి తుడిచే రకం) 2 ఫ్రేములు, థ్రెషోల్డ్ 10 దగ్గర మొదలుపెట్టి, వేళ్ల కదలికలో నీడలు ఈడ్చుకుపోతున్నాయేమో చూస్తూ పెంచండి. స్టేజీ నీలం, ఊదా ఎల్ఈడీల కింద ముఖం మీద నియాన్ మచ్చలు పడితే, అది రాలో కూడా పడుతుంది, గ్యామట్ కంప్రెషన్ (హద్దు దాటిన రంగుల్ని లోపలికి సర్దే టూల్) వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పదును చివర్న, కొంచెమే. రా మొదటిసారి చూసినప్పుడు మెత్తగా అనిపించడం లోపం కాదు.

డెలివరీ అయ్యాక మొత్తం రాను ఏళ్ల తరబడి దాచాల్సిన పని లేదు. రిసాల్వ్ మీడియా మేనేజ్‌మెంట్‌లో టైమ్‌లైన్‌లో వాడిన ముక్కల్నే, రెండువైపులా 25 ఫ్రేముల అదనంతో కత్తిరించి పెట్టుకోవచ్చు. బ్లాక్‌మ్యాజిక్ రాను ఇది మళ్లీ నొక్కకుండానే కత్తిరిస్తుంది. మీ కెమెరా రా ఏ రకమైతే దాన్ని ఒక చిన్న ప్రాజెక్టు మీద ముందు కత్తిరించి, తిరిగి తెరిచి చూసుకున్నాకే అసలు ఫైళ్లు తీసేయండి. క్లయింట్ ఫుటేజ్ అడిగే గడువు ఎన్నాళ్లో అగ్రిమెంట్లోనే రాయించుకోండి. రా ఫుటేజ్ ఇవ్వడానికి హార్డ్ డిస్క్ ఖర్చు ఎవరిదో కూడా అక్కడే రాయించుకోండి. "రా ఫుటేజ్ ఇవ్వండి" అని అడిగే పెళ్లివాళ్లకు కావాల్సింది ఎడిట్ చేయని క్లిప్పులే తప్ప ఈ రా కాదు. వాళ్ల టీవీలో ఈ ఫైలు తెరుచుకోదు.